అనుమతి కార్డు వెనక వైపు

మా ఆఫీసులో ఏ మాటైనా నిఘంటువులోకి ఎక్కాలంటే దానికి ఒక కార్డు ఉండాలి. కార్డు ముందు వైపు ఆ మాట, దాని పుట్టుక, అర్థం, ఎవరో ఒకరు నిజంగా అన్న ఒక వాక్యం. వెనక వైపు ఆ వాక్యం ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఏ సందర్భంలో అన్నారు. మన బుర్రలోంచి పుట్టించిన వాక్యం పనికిరాదు. విన్న గంటలోపు రాసెయ్యాలి, లేకపోతే మనకు తెలియకుండానే దానికి మెరుగులు పెట్టేస్తాం. ఈ నియమాలన్నీ మా పెద్దాయనవి. పెద్దాయనంటే మా ప్రధాన సంపాదకుడు. వయసు డెబ్భై దాటినా గొంతు మాత్రం ముప్ఫై దగ్గరే ఆగిపోయిన మనిషి.

ఇరవై తొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం ఇదే, జనం మాటలకు చెవులప్పగించడం. బస్సులో వెనక సీటు వాళ్ళ తగువు తేలేదాకా దిగలేక నాలుగు స్టాపులు అవతల తేలిన రోజులు బోలెడున్నాయి. మా ఆవిడ బతికున్న రోజుల్లో “మీతో పోట్లాడాలన్నా భయమే, కార్డెక్కిస్తారు” అనేది. పదకొండేళ్ళ కింద పోయింది. ఆమె తిట్లు ఇరవై రెండు కార్డుల మీద ఉన్నాయి, ఇప్పటికీ అప్పుడప్పుడు డ్రాయరు లాగి చదువుకుంటాను.

ఆ సోమవారం పొద్దున పెద్దాయన నా గదిలోకి వచ్చి బల్ల మీద కార్డుల కట్ట ఒకటి పడేశారు. ‘అ’ సంపుటం శుక్రవారం అచ్చుకు వెళ్ళాలి. అన్నీ పూర్తయ్యాయి, ఒక్క మాట తప్ప.

“ఏమయ్యా, ఇదేం పని? ‘అనుమతి’కి పద్నాలుగు కార్డులు తెచ్చావు. పద్నాలుగూ ఏడుపుగొట్టువే. చదువు.”

చదివాను. “అనుమతి లేనిదే లోపలికి రాకూడదు.” “ఎవరి అనుమతితో ఇక్కడ బండి పెట్టావు?” “పైనుంచి ఇంకా అనుమతి రాలేదు, వచ్చే వారం కనపడండి.” “అనుమతి ఇవ్వడానికి నా చేతిలో ఏముందమ్మా?”

“లేదు, రాలేదు, కుదరదు. ఈ మాట పుట్టిందే లేకుండా ఉండటానికా? ఇచ్చినవాడు ఒక్కడూ దొరకలేదా నీకు?”

“ఇచ్చేటప్పుడు ఎవరూ ఆ మాట వాడరు సార్. సరే అంటారు, కానివ్వు అంటారు, నీ ఇష్టం అంటారు. లేదా తలూపి ఊరుకుంటారు. ఈ మాటతో పని పడేది ఇవ్వనప్పుడే.”

“అదంతా నాకనవసరం. ఇచ్చిన వాక్యం ఒకటి కావాలి. గురువారం పొద్దుటికి ప్రూఫు తీయాలి.”

పుట్టుక దగ్గర మాత్రం మాకు పేచీ లేదు. సంస్కృతం నుంచి వచ్చిన మాట. ‘అను’ అంటే వెంట, ‘మతి’ అంటే తలపు. ఒకరి తలపు వెంట ఇంకొకరి తలపు నడవడం. పున్నమికి ఒక్క కళ తక్కువైన చంద్రుడు కనిపించే రోజుకూ పూర్వం ఇదే పేరుండేదని రాశాను. అది చూసి పెద్దాయన ఆ పూట మొదటిసారి నవ్వారు. “ఒక కళ తక్కువా! సరిగ్గానే పెట్టారు. నిండు మనసుతో ఇచ్చేవాణ్ణి నేనూ చూళ్ళేదు.” జనం నోట నలిగే ‘పర్మిషన్’ సంగతి కూడా కిందే రాశాం. అది లాటిన్‌లో పుట్టి, ఇంగ్లీషు మీదుగా మన దాకా నడిచొచ్చింది. దాని లోపలి అర్థం ‘గుండా పోనివ్వడం’. అంటే అడ్డు తప్పుకోవడం. సెలవు అన్న మాటకూ ఈ అర్థం ఉంది కదా సార్ అని నేను గుర్తుచేస్తే, ‘స’ సంపుటం నాటికి నేనుంటే చూద్దాంలే అన్నారు.

“ఆజ్ఞకీ దీనికీ తేడా ఒక్క ముక్కలో రాయి,” అన్నారు ఆఖర్న.

“కాదనే హక్కున్నవాళ్ళు మాత్రమే ఇవ్వగలిగేది,” అని రాశాను.

“శభాష్,” అన్నారాయన. నేనూ మురిసిపోయాను. రాసిన నాకే ఆ ముక్క తలకెక్కలేదని గురువారం దాకా తెలియలేదు.

ఎందుకంటే ఆ వారం నాకూ ఒక అనుమతి కావాల్సి వచ్చింది. దాని కోసం నిద్ర మానుకుని మీనమేషాలు లెక్కపెడుతున్నాను. నేను మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. యాభై ఆరేళ్ళ వయసులో, ముందు జుట్టు సగం సెలవు తీసుకున్నాక. చేసుకోవాలనుకున్నది కింది అంతస్తులో ప్రూఫులు చదివే ఆవిణ్ణి.

ఆఫీసంతా ఆవిణ్ణి ఎర్రసిరా అంటారు, ఆవిడ పెన్నును బట్టి. యాభై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. అచ్చుయంత్రం పక్క గదిలో, గోడలు సన్నగా అదురుతుంటే, ఒక చేత్తో కాగితం కదలకుండా అదిమి పట్టుకుని చదువుతుంది. ఎడం పక్కన అసలు కార్డు, కుడి పక్కన ప్రూఫు. ఒక వాక్యం ఆవిడకు నచ్చకపోతే కొట్టెయ్యదు. పక్క జాగాలో చిన్న ప్రశ్నార్థకం పెట్టి మీదికి పంపిస్తుంది. ఆ ప్రశ్నార్థకం చూస్తే పెద్దాయనకు కూడా దడే.

నాలుగేళ్ళుగా మధ్యాహ్నం మూడింటికి ఆవిడ గదిలో ఇద్దరం టీ తాగుతాం. నేను ఆ రోజు పోగేసిన మాటలు వినిపిస్తాను, ఆవిడ నవ్వుతుంది. నవ్వేటప్పుడు కళ్ళజోడు తీసేస్తుంది, ఎందుకో తెలియదు. కిందటేడు నాకు జ్వరం వస్తే ఇంటికొచ్చి చూసి, మందుల చీటీలో డాక్టరు రాసిన తప్పులు రెండు పట్టుకుంది. వెళ్తూ వెళ్తూ హాలంతా ఒకసారి కలయజూసి, “ఈ కిటికీలకు తెరలు మార్చాలి మాస్టారూ” అంది. అంతే, నేను నిశ్చయించుకున్నాను. కిటికీ తెరల గురించి ఆలోచించిన మనిషి ఆ ఇంటికి రాక ఎక్కడికి పోతుంది? కాబట్టి ఆవిడ సంగతి తేలిపోయిందనీ, ఇక ఒప్పించాల్సింది మిగతా లోకాన్నేననీ నా లెక్క.

లోకంలో మొదటివాడు పెద్దాయన. ఆ సోమవారమే, ఆయన కార్డుల కట్ట తీసుకుని లేవబోతుంటే నసిగాను.

“సార్, ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు… అంటే, నియమాల్లో ఏమైనా…”

“ఏ ఇద్దరు?”

చెప్పాను. ఆయన కాసేపు నన్ను కొత్త మాటను చూసినట్టు చూశారు.

“నియమాల్లో వద్దని ఎక్కడా లేదు. నువ్వే కదా రాసింది వాటిని, నీకు తెలియదా? చేసుకోండి. కానీ చెప్తున్నా, ‘ఆ’ సంపుటం అయ్యేదాకా నెలల తరబడి ఊళ్ళు తిరుగుతానంటే ఊరుకోను.”

నియమాలు పెట్టింది ఆయనైనా వాటిని పుస్తకంలోకి రాసింది నేనే. అందులో ఏముందో నాకంటే ఎవరికి తెలుసు? అయినా అడిగాను. ఆయన ఊఁ అన్నాక గుండెల మీంచి ఒక బరువు దిగింది.

రెండో గండం మా అమ్మాయి. తిన్నగా దాని దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక మంగళవారం సాయంత్రం అల్లుడి దుకాణానికి వెళ్ళాను. అల్లుడికి జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. సంగతి వింటూనే నన్ను కుర్చీలో కుదేసి మెడకు గుడ్డ చుట్టాడు.

“పెళ్ళికొడుకు ఈ జుట్టుతోనా వెళ్ళేది మామయ్యా? తల కదపకండి.”

“నీకేం అభ్యంతరం లేదు కదా అల్లుడూ?”

“నాకేముంటుంది? నాకు ఇంకో అత్తయ్య వస్తోంది, మంచిదే. ఆవిడ జుట్టు కత్తిరించుకుంటారా?”

“అది సరే గానీ, కాస్త మీ ఆవిడ చెవిన వెయ్యి, నువ్వు చెప్తే వింటుంది.”

అద్దంలో నావైపు జాలిగా చూశాడు. “మామయ్యా, నేను కత్తెరతో బతికేవాణ్ణి. అది స్పానర్లతో బతికే మనిషి. మీరే చెప్పుకోండి.”

మా అమ్మాయి లిఫ్టు మెకానిక్. చిన్నప్పుడు సైకిలు కావాలన్నా, స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలన్నా దాని చేత కార్డు రాయించేవాణ్ణి. ఏం కావాలి, ఎందుకు, ఎప్పటికి తిరిగొస్తావు. కింద నా సంతకం. పిల్లకు భాష వస్తుందని పైకి చెప్పేవాణ్ణి గానీ, ఇంట్లో నా మాట సాగుతోందన్న తృప్తి కోసమే అదంతా. పదిహేనేళ్ళు వచ్చాక ఒక రోజు కార్డులో “కారణం” అన్న చోట “నా ఇష్టం” అని రాసింది. గంటసేపు అరిచి, ఆఖరికి సంతకం పెట్టాను. ఆ తర్వాత మళ్ళీ రాయలేదు, నేనూ అడగలేదు.

బుధవారం పొద్దున అది ఒక తొమ్మిదంతస్తుల భవనంలో పని చేస్తోందని తెలుసుకుని వెళ్ళాను. కింది అంతస్తులో లిఫ్టు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అడుగున గోతిలోంచి టార్చి వెలుగూ మా అమ్మాయి కూనిరాగమూ వస్తున్నాయి. పక్క గోడ మీద లిఫ్టు కరెంటు ఆపే పెద్ద మీటకు ఒక పసుప్పచ్చ తాళం, దానికి వేలాడుతూ ఒక బిళ్ళ, బిళ్ళ మీద మా అమ్మాయి ఫోటో.

ఆ మీట పక్కనే భవనం మేనేజరు చేతులు పిసుక్కుంటున్నాడు. “అమ్మా, పై అంతస్తు వాళ్ళు గోల పెడుతున్నారు. ఒక్క రెండు నిమిషాలు నడుపుకుంటాం, ఆ తాళం చెవి ఇటివ్వు.”

“ఇవ్వను,” అంది గోతిలోంచి.

“యజమాని చెప్పమన్నాడు.”

“యజమాని వచ్చినా ఇవ్వను. లోపల ఉన్నది నేను. నేను బయటికొచ్చి నా చేత్తో తీస్తేనే ఆ తాళం.”

మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నా కూతురి మాట తీరు చూసి నాకు ఛాతీ ఉబ్బింది. నేల మీద ఒక పాత పేపరు పరుచుకుని, గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను.

“అమ్మాయ్.”

“నాన్నా! ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది. నీతో ఒక మాట.”

“చెప్పు, చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీయే.”

చెప్పాను. ఎంత చుట్టూ తిప్పి చెప్పానంటే మధ్యలో ఒంటరితనం, ఆరోగ్యం, కిటికీ తెరలు అన్నీ వచ్చాయి. గోతిలో కూనిరాగం ఆగిపోయింది. కాసేపటికి టార్చి నా ముఖం మీద పడింది.

“అమ్మ ఫోటో ముందు చెప్పావా?”

“చెప్పాను. ఏమీ అనలేదు.”

“వద్దనుకుంటే ఊరుకునే రకం కాదులే అమ్మ.” అది నవ్వింది. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది, గ్రీజు మరక నుదుటి దాకా పాకింది. నాకూ కళ్ళు చెమర్చాయి. పదకొండేళ్ళలో ఇద్దరం ఆమె గురించి నవ్వుతూ మాట్లాడుకోవడం అదే మొదలు.

“ఆవిడ సరేనన్నాకే కదా నా దగ్గరికొచ్చావు?”

“ఆఁ ఆఁ,” అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగా అలాగే అనుకున్నాను.

“ఇంకేం మరి? చేసుకో.”

“అంటే నీకు…”

“అబ్బబ్బ! చిన్నప్పుడు నా చేత కార్డులు రాయించుకున్న అలవాటు పోలేదు నీకు. అనుమతి ఇచ్చేశాను నాన్నా, ఇక నన్ను పని చేసుకోనివ్వు!”

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అనుమతి ఇచ్చేశాను! పద్నాలుగు ఏడుపుగొట్టు కార్డుల తర్వాత, గోతి అడుగునుంచి, నా సొంత కూతురి నోట్లోంచి. దాన్ని ముద్దు పెట్టుకుందామంటే గోతిలో ఉంది. లేచి పరుగు లాంటి నడకతో బస్సెక్కి, మోకాలి మీద కార్డు పెట్టుకుని, నియమం ప్రకారం గంటలోపే రాశాను. ముందు వైపు ఆ వాక్యం. వెనక వైపు: “అన్నది నా కూతురు, లిఫ్టు మెకానిక్. సందర్భం, తండ్రి తన రెండో పెళ్ళికి ఆమెను ఒప్పించడం. పెళ్ళికూతురు, ఈ ఆఫీసు ప్రూఫ్‌రీడర్.” అన్ని వివరాలూ ఉండాలి కదా మరి. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు.

పెద్దాయన ముందు వైపు చదివి కుర్చీలోంచి లేచారు. “ఇదీ వాక్యమంటే!” అని సంతకం గీకి నేరుగా కంపోజింగుకు పంపేశారు. వెనక వైపు చూడలేదు. ఆయన ఎప్పుడూ చూడరు. కార్డుల వెనక వైపు చదివే మనిషి మా ఆఫీసు మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆ సంగతి ఆ రోజు నాకు గుర్తుంటే ఈ కథే లేదు.

గురువారం పదకొండింటికి ప్రూఫు మీదికి వచ్చింది. ‘అనుమతి’ పక్కన ప్రశ్నార్థకం ఉంది. ఎప్పుడూ పెట్టే చిన్నది కాదు, బొటనవేలంత. దాని కింద ఎర్ర సిరాతో ఒక వరుస: “వెనక వైపు పేర్కొన్న పెళ్ళికూతుర్ని అడిగారా?”

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే అక్షరాలు కదిలాయి. పప్పులో కాలేశానన్న సంగతి అప్పుడు గానీ తలకెక్కలేదు. నాలుగేళ్ళలో టీ గురించి అడిగాను, మాటల పుట్టుక గురించి అడిగాను, ఆవిడ మోకాలి నొప్పి గురించి కూడా అడిగాను. ఆ ఒక్కటీ అడగలేదు.

ఆ ప్రూఫు పట్టుకుని మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళజోడు తీయలేదు.

“రండి మాస్టారూ. మీ అమ్మాయి ఇచ్చేసింది. మీ అల్లుడు?”

“జుట్టు కత్తిరించాడు,” అన్నాను, బిక్కమొహం వేసుకుని.

“కనపడుతూనే ఉంది. పెద్దాయన?”

“సోమవారమే…”

“అమ్మాయి ఇచ్చింది, అల్లుడిచ్చాడు, పెద్దాయన ఇచ్చారు, కంపోజింగు కూడా అయిపోయింది. ఇంక నాతో పనేముంది? అచ్చు వేయించుకోండి.”

“అది కాదండీ. మీరు కాదనరని అనుకున్నాను.”

“ఎందుకనుకున్నారు?”

“మీరు… కిటికీ తెరలు మార్చాలన్నారు కదా.”

“ఆ తెరలు చిరిగిపోయాయి మాస్టారూ. అందుకని అన్నాను.”

నాకు కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ కోపంలోనే నిజం బయటికొచ్చేసింది.

“భయమేసిందండీ. వాళ్ళందర్నీ అడగడం తేలిక. పెద్దాయన కాదంటే పోట్లాడేవాణ్ణి, మా అమ్మాయి కాదంటే బతిమాలేవాణ్ణి. మీరు కాదంటే ఏం చెయ్యను? మూడింటికి టీ ఎక్కడ తాగను? అందుకే మిమ్మల్ని తప్ప అందర్నీ అడిగాను.”

అప్పుడు కళ్ళజోడు తీసింది. నవ్వలేదు గానీ, తీసింది.

“అయితే ఇప్పుడడగండి. కాదంటానేమో అన్న భయం ఉంచుకునే అడగండి.”

నాకు మాటలతోనే బతుకు గడిచింది, అయినా మూడు మాటలు కూడగట్టుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. “నన్ను పెళ్ళి చేసుకుంటారా?” అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

“ఇవాళ చెప్పను,” అంది. “నాలుగేళ్ళు మీరు అడక్కుండా కూర్చున్నారు. నాలుగు రోజులు నేను చెప్పకుండా కూర్చుంటాను. ఈ లోపు ఈ పేజీ అచ్చుకు వెళ్ళదు.”

“పేజీ ఎందుకు…”

“నియమాల పుస్తకం, పదహారో నియమం. కార్డులో ఎవరి గురించి రాశామో వాళ్ళు వద్దంటే ఆ కార్డు వాడకూడదు. మీ చేత్తో రాసిందే.”

పెద్దాయన శుక్రవారం పొద్దున్నే ఇల్లు పీకి పందిరేశారు. రెండు వందల నలభై పేజీల సంపుటం ఒక్క పేజీ కోసం ఆగిపోవడం ఏమిటని కింది అంతస్తుకు దిగి అరిచారు. నేను మెట్ల మీద నిలబడి వింటున్నాను. ఆవిడ గొంతు పెంచలేదు.

“నా గురించిన వాక్యం సార్. నేను ఒప్పుకోనిదే అచ్చు కాదు.”

“ఒప్పుకోమ్మా మరి, నీదేం పోయింది?”

“ఆలోచించుకుంటున్నాను.”

ఆయన ఉసూరుమంటూ పైకొచ్చి నా మీద పడ్డారు. “బుద్ధుందా నీకు? ముందు ఎవర్ని అడగాలో తెలియదా? ‘కాదనే హక్కున్నవాళ్ళు’ అని అంత చక్కగా రాశావే!”

సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. అల్లుడికి కబురు ఎలా చేరిందో తెలియదు, జుట్టు కత్తిరించేవాళ్ళ దగ్గరికి అన్నీ చేరతాయి. “ఆవిణ్ణి అడగకుండా నన్ను అడిగావా? ఆ రోజు గోతిలోంచి నేను పైకి రాకపోవడం నీ అదృష్టం నాన్నా!” అని పది నిమిషాలు తిట్టి, చివర్లో మెత్తబడి, “అన్నం తిన్నావా?” అని అడిగింది. తినలేదన్నాను. మళ్ళీ తిట్టింది.

ఆదివారం పోగా మిగిలిన మూడు రోజులూ మూడింటికి టీ నా గదిలోనే తాగాను. చేదుగా ఉంది. కాదంటుందేమోనన్న దిగులు ఒక పక్క ఉన్నా, ఇంకో పక్క ఒక వింత సంతోషం కూడా ఉంది, అది ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఎవరో ఒక మనిషి తన గదిలో కూర్చుని నా గురించి, తన బతుకు గురించి, ఎవరూ తొందరపెట్టకుండా ఆలోచిస్తోంది. కాదన్నా అవునన్నా అది నా కోసం పడుతున్న శ్రమే. నా జీవితంలో అంత గౌరవం ఎవరూ నాకు ఇవ్వలేదనిపించింది. నేను కూడా ఎవరికీ ఇవ్వలేదని ఆ వెంటనే తోచింది. కూతురి చేత రాయించుకున్న కార్డులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

సోమవారం పొద్దున ఆవిడే మెట్లెక్కి నా గదికి వచ్చింది. మోకాలి నొప్పి వల్ల పైకి రావడం అరుదు. నేను గాభరాగా లేచి కుర్చీ లాగాను. కూర్చోలేదు. చేతిలో ప్రూఫు పేజీ ఉంది. ప్రశ్నార్థకం పక్కన “సరే” అని రాసి, కింద సంతకం పెట్టింది.

“పేజీ వెళ్ళొచ్చు,” అంది. “చేసుకుంటాను.”

నేనే ఆ కుర్చీలో కూలబడ్డాను. అవతలి గదిలోంచి పెద్దాయన “అచ్చు వేసేయండి!” అని అరిచారు, తలుపు దగ్గరే చెవి పెట్టి ఉన్నట్టున్నారు. ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు రోజులైనా కూర్చునేవాణ్ణి.

“ఒక సంగతి ఉంది,” అంది. “ఈ నాలుగు రోజులూ ఎక్కువగా దాని గురించే ఆలోచించాను. నేను మీ ఇంటికి రాను. గడియారాల దుకాణం పైన నావి రెండు గదులు, తూర్పు కిటికీ. పొద్దుటి వెలుతురులో ఆ కిటికీ పక్కన తప్ప నేను సరిగ్గా చదవలేను. ఇరవై ఏళ్ళుగా అక్కడే నా బల్ల, నా మొక్కలు, నా నిద్ర. అది వదలను. మీరే నా ఇంటికి రావాలి. వస్తారా?”

మా ఇల్లు కళ్ళ ముందు మెదిలింది. మా ఆవిడ గోడలకు వేయించిన రంగు, అమ్మాయి ఎత్తు కొలిచిన గీతలు, ఇరవై ఏడేళ్ళ సామాను. “మా అమ్మాయిని ఒక్క మాట అడిగి…” అన్నది నాలుక చివరిదాకా వచ్చింది.

ఆవిడ తొందరపెట్టలేదు. గోడకు ఆనుకుని, నొప్పి ఉన్న కాలు మీద బరువు పడకుండా నిలబడి, నా ముఖంలోకే చూస్తోంది. కాదన్నా అలాగే చూసేలా ఉంది.

“వస్తాను,” అన్నాను, ఎవరినీ అడక్కుండా.